మాకంటే ముందు బయలుదేరిన సంచి

మొన్న శ్రావణం మొదట్లో మా మనవరాలు హారిక కర్నూలు నుంచి ఎమ్మిగనూరుకు వచ్చింది. వచ్చిన పిల్ల కాళ్ళు కడుక్కుని మంచినీళ్ళు తాగిందో లేదో, వంటింటి గట్టెక్కి కూర్చుని, ఫోను తీసి వేలితో నాలుగుసార్లు అటూ ఇటూ తోసి, "అవ్వా, శనివారం పొద్దున్నే హొస్పేట డ్యాముకు పోతున్నాం. గేట్లెత్తినారంట. పోయేటప్పుడు సండూరు కొండలు, వచ్చేటప్పుడు బళ్ళారిలో టిఫిను, ఆదివారం సాయంత్రానికి ఇంట్లో ఉంటాం" అని తీర్పు చెప్పేసింది. నేనప్పుడు ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. రవ్వ ఎర్రబడేలోపల రెండు రోజుల ప్రయాణం, పడుకునే గది, తినే హోటలు, పొద్దు గుంకేటప్పుడు ఏ గుట్ట మీద నిలబడి చూడాలో ఆ గుట్ట, అన్నీ ఖాయమైపోయాయి. నాకు నవ్వు ఆగలేదు. "ఎందుకవ్వా నవ్వుతావు?" అని మూతి ముడిచింది. "ఏం లేదు పాపా, ఇదే డ్యాముకు పోవడానికి మా నాయన నాలుగేండ్లు దారి రాయించినాడు" అన్నాను. అది నమ్మలేదు. నమ్మించడానికి స్టూలు వేసుకుని అటక మీద ఇత్తడి గంగాళం వెనక చెయ్యి పెట్టి వెతికి, దుమ్ము కొట్టుకుపోయిన కాకీ గుడ్డ సంచి ఒకటి కిందికి దించాను. మోకాళ్ళ నొప్పులున్న దాన్ని స్టూలెక్కానని మా కోడలు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

సంచిలో రెండే వస్తువులు. ఒకటి, అట్ట ఊడిపోయిన రూళ్ళ పుస్తకం. రెండు, మరచెంబు. మూతకు మరలుండి తిప్పితే బిగుసుకునే ఇత్తడి చెంబు అన్నమాట. ఇప్పటి సీసాలు రాకముందు మా ఇళ్ళలో ప్రయాణానికి అదే తోడు. హారిక చెంబు మూత తిప్పబోయి రాక, పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో గుండ్రటి పిల్లచేతి అక్షరాలు. "ఎవరు రాసినారు ఇది?" అంది. నేనే రాశాను. నా జీవితంలో నేను రాసిన మొదటి పుస్తకం అదే. తరువాత అచ్చయినవన్నీ దాని ముందు దిగదుడుపే.

నా పుట్టినూరు ఆదోని. నాన్నది పత్తి కమీషన్ వ్యాపారం. పత్తి కాలం మొదలైతే ఇల్లంతా పత్తిగింజల వాసన, అదొక రకమైన నూనె వాసన. బట్టల్లో, పెరుగన్నంలో, మా జడల్లో కూడా అదే. నాన్న మధ్యాహ్నం భోజనానికి వస్తే కనుబొమల మీద దూది నిలిచి ఉండేది. మా జేజి, అంటే నాన్న వాళ్ళమ్మ, "పండు ముసలోని మాదిరి వచ్చినావు, దులుపుకోని రారా" అని గడప దగ్గరే ఆపేది. నాన్నకొక అలవాటు. దూది చిటికెడు తీసి రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి మెల్లగా లాగి, పింజ, అంటే దూది పోగు, ఎంత పొడుగుందో చూసేవాడు. చూసి చూసి ఆ వేళ్ళకు వేరే పని తెలియకుండా పోయింది. తిరునాళ్ళలో పీచు మిఠాయి కొనిస్తే అది కూడా అట్లాగే లాగి, "పింజ పొట్టి" అని నా చేతిలో పెట్టేవాడు.

ఎండాకాలం వచ్చి మిల్లుల చప్పుడు తగ్గిందంటే మాత్రం ఆ మనిషి వేరు. ఆయనకు దారుల పిచ్చి పట్టేది. గుడులకు పోయేవాళ్ళు ఆదోని నిండా ఉన్నారు. మా నాన్నకు గుడి కంటే దాని దాకా పోయే దారి ముఖ్యం. సాయంత్రమైతే వాకిట్లో అరుగు మీద చాప పరిచేవాడు. లారీ డ్రైవర్లు, బాడుగ కార్ల వాళ్ళు టీ తాగడానికి వచ్చేవాళ్ళు. కౌతాళం వైపు వాళ్ళు సగం కన్నడం, ఊళ్ళో వాళ్ళు సగం ఉర్దూ. నాన్న ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, పత్తి బేరం కంటే గట్టిగా పట్టుకునేవాడు: "ఆలూరు దాటినాక యాడ తిరగల్ల? ఆ గుండ్ల కొండ ఏ చేతి పక్క వస్తాది? నీళ్ళు యాడ బాగుంటాయి?" వాళ్ళు చెప్పడం, నాన్న దాన్ని చక్కదిద్ది పలకడం, నేను రాయడం. నాన్న చేతిరాత వంకర. ఆయన రాసింది ఆయనకే అర్థమయ్యేది కాదు. అందుకని నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి నాలుగు ఎండాకాలాల దారులు నా చేతుల మీదుగా పోయాయి.

హారిక ఫోనులో దారి నీలం గీత. మా పుస్తకంలో దారి ఎట్లా ఉండేదంటే, "గుండు మీద గుండు ఉన్న కొండ కనపడితే సరైన దారి. కనపడకపోతే వెనక్కి రావలెను. ఇచ్చట మజ్జిగ మంచిది. ఇచ్చట ఉగ్గాని బజ్జీ మంచిది గాని పొద్దున తొమ్మిది లోపలే. ఇచ్చట చింతతోపు, రొట్టెలు విప్పుటకు అనుకూలము." పలికేటప్పుడు నాన్నకు ఎక్కడ లేని గ్రాంథికం వచ్చేది. అక్కడక్కడా చిన్న సున్న చుట్టి ఉంటుంది. అది అమ్మ చెప్పి పెట్టించిన గుర్తు. ఆడవాళ్ళు చాటుకు పోవడానికి బండరాళ్ళో కంపచెట్లో ఉన్న చోటు. "మీరు మజ్జిగ తాగమని రాపిస్తారు గానీ, తాగినాక మా గతి ఏందో రాపించరే!" అని ఒకసారి అమ్మ తలుపు చాటు నుంచి అనేసరికి నాన్న నాలుక కరుచుకుని, ఆ డ్రైవర్లందరినీ మళ్ళీ పిలిపించాడు. హారిక ఆ సున్నల సంగతి విని పడీ పడీ నవ్వింది. తన ఫోనులో వాటికీ గుర్తులున్నాయట, శుభ్రంగా ఉన్నాయో లేదో కూడా చెబుతుందట. ఆ ఒక్క మాటకు నేను ఆ ఫోనుకు దండం పెట్టాను.

అమ్మ గురించి చెప్పాలి. ఆమెది ఆలూరు అవతల మెట్ట ఊరు. పేరు చెప్పినా మీకు తెలియదు. ఆలూరులో షేర్ ఆటోల వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. తాత అక్కడ చిన్న అంగడి నడిపేవాడు. శెట్టిగారి పిల్లయినా నీళ్ళ కాడ అందరూ ఒకటే. ఊరి బావి లోతు, మోకు బరువు. అమ్మ అరచేతుల్లో మోకు రాసుకున్న కాయలు పెళ్ళయిన పదేళ్ళకు కూడా పోలేదు. నాకు జడ వేస్తుంటే వెంట్రుకలకు తగులుకునేవి. ఆదోనికి కాపురానికొచ్చాక ఆమె నాన్నను నగ అడగలేదు, చీర అడగలేదు. ఒక్కటే అడిగింది. ఆమె మేనమామ డ్యాము కట్టే రోజుల్లో అక్కడ రాళ్ళు మోశాడు. ఆయన చిన్నప్పుడు ఆమెకు చెప్పినాడట: గేట్లెత్తితే నీళ్ళు దూకే చప్పుడుకు పక్కన నిలబడిన మనిషి అరిచినా వినపడదని. "అంత చప్పుడు నీళ్ళకుంటాదా? నేను యినల్ల" అని అమ్మ కోరిక. మా ఊళ్ళలో నీళ్ళకున్న చప్పుడల్లా బిందె అడుగున గీరుకునేదే. నాన్న పెళ్ళిపీటల మీదే మాటిచ్చాడని జేజి చెప్పేది.

మాటైతే ఇచ్చాడు. పిల్లలకు బడి సెలవలు, తనకు తీరిక, రెండూ ఎండాకాలమే. కాబట్టి మొదటిసారి మమ్మల్ని నడి వైశాఖంలో డ్యాముకు తీసుకుపోయాడు. పుస్తకం ప్రకారం దారి ఒక్క అంగుళం తప్పలేదు. మజ్జిగ మంచిదన్న చోట మజ్జిగ మంచిగానే ఉంది. డ్యాము దగ్గరికి పోయి చూస్తే నీళ్ళు యాడనో దూరంగా గీతలాగా. ముందంతా నెర్రెలు విచ్చిన మట్టి, దాని మీద ఎనుములు మేస్తున్నాయి. ఒకాయన డ్యాము నడిబొడ్డున దోసకాయలు పండించి గంపలో పెట్టుకుని మాకే అమ్మవచ్చాడు. అమ్మ అటు చూసి, ఇటు చూసి, "ఇంత దూరం వచ్చి మా ఊరి చెరువే చూసినట్లుండాదే!" అంది. నాన్న గొంతు సవరించుకుని, "నీళ్ళు లేకపోతే ఏమాయ, గేట్లు సూడు, ఒక్కోటి ఎంతెంత ఉండాదో" అన్నాడు. అమ్మ గేట్ల కేసి కాదు, నాన్న కేసి చూసింది. దోసకాయలు మాత్రం కొన్నది. వాటి పప్పు వారం రోజులు తిన్నాం.

తరువాతి ఎండాకాలం కూడా ఇదే కథ. మీరు నవ్వుతారని తెలుసు. ఆదోనిలో పింజ చూసి పత్తి ఏ ఊరిదో చెప్పే మనిషికి ఎండాకాలంలో డ్యాము ఎండుతుందని తెలియదా అంటే, తెలుసు. కానీ చిక్కు ఎక్కడంటే, వానాకాలం మా వైపు కార్లు కదలవు. నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడితే చక్రం చుట్టూ జిగురు పట్టుకుని దిగబడిపోతుంది. వంకలొస్తే అప్పట్లో వంతెనలేవి? నీళ్ళు రోడ్డు మీదుగానే పోయేవి. నాన్న పుస్తకంలో వానాకాలానికి ఒక్క పేజీ లేదు. బాడుగ కారు నడిపే మహబూబ్ అన్న ఒకనాడు తేల్చి చెప్పేశాడు: "శెట్టీ, దారి బాగుంటే నీళ్ళుండవు. నీళ్ళుంటే దారుండదు. ఏదో ఒకటి ఒప్పుకో." నాన్న ఒప్పుకోలేదు. వేరే దారి ఉండకపోతుందా అని మళ్ళీ డ్రైవర్లను అడగడం, మళ్ళీ నేను రాయడం. మూడో ఎండాకాలం "డ్యాము" అని నాన్న నోరు తెరవగానే అమ్మ, "దోసకాయలు ఆదోని మార్కెట్లోనే దొరుకుతాయి లెండి" అంది. ఆ ఏడు మేము యాగంటి వైపు పోయాం.

నాలుగో ఏడు శ్రావణంలో, మా ఊళ్ళలో చినుకు లేక జనం మబ్బు కేసి చూస్తున్న రోజుల్లో, మహబూబ్ అన్న హొస్పేటకు బాడుగ పోయి వచ్చి, కారు దిగకముందే వీధిలోంచి అరిచాడు. "శెట్టీ! పైన మలనాడులో వానలు దంచినాయంట. గేట్లు ఎత్తినారు! మన సైడు వాన ల్యాదు, దారి గట్టిగుండాది. నీ అదృష్టం, రెండూ కలిసినాయి!" నాన్న తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచి నిలబడ్డాడు. వంటింట్లో అమ్మ జొన్నరొట్టె తడుతున్న చప్పుడు ఆగిపోయింది. ఎన్ని రోజులు ఎత్తి ఉంచుతారు అంటే, "అది పైనున్నోడికే తెలుసు, వారమో, రేపో" అన్నాడు మహబూబ్ అన్న. అప్పటి నుంచి అమ్మ ముఖంలో ఒక ఆత్రం. పొద్దునా సాయంత్రం ఆకాశం కేసి చూసేది. ఊరంతా వాన రావాలని మొక్కుతుంటే, నాలుగు రోజులు రాకూడదని మొక్కిన మనిషి ఆదోనిలో మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది. అది నాకు చెవిలో చెప్పి, "పాపం తగులుతాదేమో" అని లెంపలు వేసుకుంది.

నాన్నకు ఆదివారం తప్ప తీరిక లేదు. డ్యాము మాకు పడమర. ఆదివారం పడమటికి శూల అని జేజి అడ్డం పడింది. "తూర్పుకు పో, ఉత్తరానికి పో. ఆదివారం పడమటికి పోతే నా శవం దాటి పో" అంది. జేజి మాటకు ఒక్కటే విరుగుడు, అదీ జేజి దగ్గరే ఉంది: ప్రస్థానం పెట్టడం. మంచి రోజున, మంచి ఘడియలో మన బట్టలున్న సంచి ఒకటి మనం పోయే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా ముందుగా పెట్టి రావాలి. సంచి పోయిందంటే మనం బయలుదేరినట్టే లెక్క. తరువాత ఏ రోజున పోయినా ఆ ఇంటి దగ్గర ఆగి సంచి తీసుకుని పోతే శూల అంటదు. సంచి మాత్రం మళ్ళీ మన గడప తొక్కకూడదు. తొక్కితే ప్రయాణం చెడినట్టే. అంతా ఆలోచించి, గురువారం పొద్దున మా నాన్న పినతండ్రి కూతురు సుందరమ్మత్త ఇంట్లో ప్రస్థానం పెట్టారు. ఆమె ఇల్లు ఊరికి పడమటి చివర.

ఆ సంచే ఇది. అందులో అమ్మ ఆకుపచ్చ చీర ఒకటి, నాన్న పంచె, మరచెంబు పెట్టారు. నాన్న మరీ శ్రద్ధగా, మరిచిపోతానేమో అని, దారి పుస్తకం కూడా అందులోనే పెట్టాడు.

ఆదివారం తెల్లవారగానే మహబూబ్ అన్న కారు వచ్చింది. రొట్టెలు, శనక్కాయల పొడి, పెరుగన్నం, బొరుగులు కట్టుకుని, జేజికి మొక్కి, సుందరమ్మత్త ఇంటికి పోయాం. తలుపుకు తాళం. నాన్న తాళాన్ని పట్టుకుని లాగి చూశాడు, అది పత్తి అయినట్టు. పక్కింటావిడ పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి, "సుందరమ్మ నిన్ననే బస్సుకు డ్యాముకు పోయింది కదప్పా. గేట్లెత్తినారంట గదా" అంది. "మా సంచి?" అన్నాడు నాన్న. "అది కూడా ఎత్తుకోని పోయింది. ప్రస్థానం సంచిని ఒగతే ఇంట్లో పెట్టి తాళం ఏస్తే మంచిది కాదంట. మీరెట్లా ఆడికే వస్తాండారు గదా, ఆడనే ఇస్తానని సెప్పమనింది."

నాన్న అరుగు మీద కూలబడిపోయాడు. నాలుగేళ్ళు ఊరందరికీ దారులు చెప్పిన మనిషి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందని ఇలాంటప్పుడే అంటారు. పుస్తకం లేదు, సంచి లేదు. "సంచి లేకుండా ముందుకు పోకూడదు. ఇంటికి పోదాం. ఇంగో మంచిరోజు చూసుకోని వద్దాం" అన్నాడు. మహబూబ్ అన్న కారు తిప్పబోయాడు. నేను అమ్మ ముఖం చూశాను. ఆమె కొంగు బిగించి, కారు లోపలి నుంచే, వీధిలో అందరికీ వినపడేటట్టు మాట్లాడింది. మా అమ్మ గొంతు వీధిలో వినపడడం అదే మొదలు.

"సంచి పోయిందంటే మనం బయలుదేరినట్లే అని ఎవరు సెప్పినారు? అత్త సెప్పింది. సంచి ఇప్పుడు యాడుండాది? డ్యాము కాడ. అంటే మనం నిన్ననే డ్యాము సేరుకున్నాం. ఇప్పుడు ఇంటికి పోతే ఆడున్న మనల్ని వదిలేసి పోయినట్లు కాదా? శాస్త్రం దానికి ఒప్పుకుంటాదా?"

పక్కింటావిడ నోట్లో వేపపుల్ల అట్లాగే ఉండిపోయింది. మహబూబ్ అన్న స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు. "అక్క లాజిక్కు సూడు శెట్టీ! ఎక్కు ఎక్కు" అన్నాడు. నాన్న నెమ్మదిగా లేచాడు. "పోదాం సరే. దారి? పుస్తకం లేదే" అన్నాడు. మహబూబ్ అన్నకు హొస్పేట దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. కానీ నాన్నకు పుస్తకం చదవనిదే అది ప్రయాణం కాదు. అమ్మ నా వీపు మీద తట్టింది. "రాసింది నువ్వే గదా. సెప్పు."

ఆ రోజు ఆదోని నుంచి డ్యాము దాకా నేను పుస్తకాన్ని నోటితో చదివాను. ఒక్కో మాట రాసి రాసి ఉన్నాను కదా, కళ్ళ ముందు కనపడేది. ఆలూరు దాటగానే "గుండు మీద గుండు ఉన్న కొండ కనపడవలెను" అనేదాన్ని, కనపడేది. "ఇచ్చట చింతతోపు" అనేదాన్ని, వచ్చేది. నాన్న వెనక సీట్లో కూర్చుని, పరీక్షలో పిల్ల పాసవుతుందా లేదా అన్నట్టు తల ఊపుతూ వచ్చాడు. సున్న చుట్టిన చోట్లు చెప్పడానికి సిగ్గుపడి నేను అమ్మ చెయ్యి గిల్లేదాన్ని. కారు ఆగేది. వానకు ఎదురుచూస్తున్న పత్తి చేలు, శనక్కాయ చేలు, బండల కొండలు, ఎర్రటి పొద్దు. నాలుగేళ్ళుగా అక్షరాలుగా ఉన్న దారి ఆ రోజు నాకు మొదటిసారి దారిగా కనపడింది.

ఆ కొండలు కూడా దాటాక మబ్బు పట్టింది. అమ్మ మొక్కు దేవుడు సరిగ్గా వినలేదో, లేక ఊరి వాళ్ళ మొక్కే విన్నాడో, ఒక్కసారిగా కురిసింది. గంట కురిసి వెలిసేసరికి ముందున్న వంక రోడ్డు మీద ఎర్రగా పారుతోంది. మహబూబ్ అన్న దిగి కట్టె పెట్టి లోతు చూసి, "రెండు గంటలన్నా కూచోవల్ల" అన్నాడు. రొట్టెలు విప్పాం. నాన్న తినలేదు. "నా మాట ఇంతే. నీకు నీళ్ళు సూపించే గీత నాకు ల్యాదు" అన్నాడు అమ్మతో, తల దించుకుని. నాన్న అట్లా అనడం నేను ముందెప్పుడూ వినలేదు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, అంచు దగ్గర పిక్కల లోతు నీళ్ళలో దిగి నిలబడింది. "ఈడ కూడా నీళ్ళే గదండీ. రాండి, కాళ్ళు సల్లగుంటాయి" అని పిలిచింది. నాన్న పంచె ఎగ్గట్టి దిగాడు. ఇద్దరూ రోడ్డు మధ్యలో నీళ్ళలో నిలబడి బొరుగులు తిన్నారు. ఆ దృశ్యం కోసం నేను ఏ ఫోటో అయినా ఇచ్చేస్తాను.

డ్యాము చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. కారు ఇంకా దూరంగా ఉండగానే అద్దాలు దడదడమన్నాయి. అమ్మ కాయలున్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది. గేట్లు ఎత్తే ఉన్నాయి. వరసగా అన్నింట్లోంచి తెల్లగా దూకుతున్నాయి నీళ్ళు, కింద పడి పొగలాగా పైకి లేస్తున్నాయి. ఆ తుంపర మా ముఖాల మీద పడింది. నాన్న చేతులు ఊపుతూ ఏదో అంటున్నాడు, నోరు కదులుతోంది, మాట రాదు. అమ్మ ఆయన నోటి కేసి చూసింది. చూసి, రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుని, చిన్నపిల్లలాగా గెంతింది. "యినపల్యా! యినపల్యా! మామ సెప్పింది నిజమే!" అది నాకూ సగమే వినపడింది. నాన్న మళ్ళీ అరిచాడు. ఆమె మళ్ళీ "యినపల్యా" అంది. ఆ ఆట ఎంతసేపు ఆడారో చెప్పలేను. అమ్మ కళ్ళలోంచి కారుతున్నది తుంపరో, వేరేనో కూడా చెప్పలేను. నాకైతే ఏడుపొచ్చింది.

చప్పుడు తగ్గే చోటికి ఇవతలికి వచ్చాక అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తరువాత అంది, "ఇన్ని నీళ్ళుండి, మాయమ్మ ఇంగా ఆ బావిలో మోకేసి తోడుకుంటాండాది." ఆ మాటకు ఈనాటికీ ఎవరి దగ్గరా జవాబు ఉందనుకోను.

అంతలో జనంలోంచి సుందరమ్మత్త, భుజాన మా సంచితో, చేతిలో మొక్కజొన్న కండెతో ఊగుతూ వచ్చింది. "ఏందన్నా ఇంత ఆలీసం? నేను మీ సంచికి నిన్నటి నుంచి డ్యామంతా సూపిస్తాండా!" అంది. నాన్నకు తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. అమ్మ మాత్రం అత్తను వాటేసుకుంది. సంచి విప్పి చీర కాదు, మరచెంబు తీసింది. మహబూబ్ అన్న ఏటి మెట్ల దాకా పోయి నింపుకొచ్చాడు.

మరునాడు తిరుగుదారిలో అమ్మ ఆలూరు ముందే కారు తిప్పించి వాళ్ళ ఊరికి పట్టించింది. పుస్తకంలో లేని దారి అది, ఆమే చెప్పింది. మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, చెంబు నీళ్ళు దోసిట్లో పోయించుకుని ఒక్క గుక్క తాగి, "ఇవేనా? మన నీళ్ళ మాదిరే ఉండాయి" అని పెదవి విరిచింది. మిగిలిన నీళ్ళు తీసుకుపోయి ఊరి బావిలో పోసింది. ఎందుకవ్వా అంటే, "పాలల్లో తోడు ఏయమా? అట్లనే ఏస్తాండా. తోడుకుంటే తోడుకుంటాది" అంది. బావి చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

ఆ తరువాత నాన్న దారుల పిచ్చి తగ్గలేదు గానీ, పద్ధతి మారింది. ఎండాకాలం రాగానే అరుగు మీద చాప వేయకముందు వంటింటి గడప దగ్గరికి వచ్చి, "ఏమే, ఈసారి ఏం సూడల్ల?" అని అడిగేవాడు. ఆదోనిలో ఒక్క డ్రైవరును వదలకుండా అడిగిన మనిషికి, ఇంట్లో మనిషిని అడగాలని తట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆమె ఏం చెబితే అది పేజీ మీద మొదటి వరస. అమ్మ కోరికలు కూడా తక్కువేం కాదు. నెమళ్ళు ఆడేది చూడల్ల అని ఒక ఏడు మమ్మల్నందరినీ అడవి అంచున గొంతు ఎండేదాకా కూర్చోబెట్టింది. ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు రోడ్లు నల్లగా నున్నగా ఉన్నాయి, ఆ వంక మీద వంతెన వచ్చింది, గేట్లు ఎన్ని ఎత్తారో ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. ఇప్పటి దారే మేలు, నేను కాదనను. పోకముందే అన్నీ బొమ్మల్లో చూసేయడం ఒక్కటే నాకు నచ్చదు. దోసకాయలమ్మే మనిషి ఆ బొమ్మల్లో ఉండడు.

ఇదంతా విన్నాక హారిక కాసేపు ఫోనును తిప్పి తిప్పి చూసి, గట్టు మీద బోర్లా పెట్టింది. "అవ్వా, నేను నిన్ను అడగనే లేదు కదా. నీకేం చూడాలనుంది?" అంది.

మాటల్లోనే పొయ్యి మీద పెట్టిన ఉప్మా అడుగంటింది. జీవితమంతా దారులు రాశాను, చెప్పాను. ఈ ప్రశ్న నన్నెవరూ అడిగినట్టు గుర్తు లేదు. పొయ్యి ఆపేసి, మరచెంబు మూత కొంగుతో పట్టి తిప్పాను. కిర్రుమని వచ్చింది.

"మా అవ్వ తోడేసిన బావి. తోడుకుందో లేదో చూడాల" అన్నాను. అవ్వ పోయాక మామలు ఆదోనికి వచ్చేశారు. మళ్ళీ ఆ ఊరికి పోవడానికి నాకు పని పడలేదు.

హారిక ఊరి పేరు అడిగి ఫోనులో కొట్టింది. ఊరు వచ్చింది గానీ బావి రాలేదు. అటూ ఇటూ జరిపింది, పెద్దది చేసింది, చిన్నది చేసింది. "దీంట్లో లేదవ్వా" అంది.

పాత పుస్తకం చివర రెండు ఖాళీ పేజీలున్నాయి. బడికి పోయే చిన్న మనవడి పెన్సిలు తెచ్చి హారిక చేతిలో పెట్టాను.

"నేను చెప్తా, రాసుకో" అన్నాను. "ఆలూరు దాటినాక గుండు మీద గుండు ఉన్న కొండ కనపడవలెను. కనపడకపోతే వెనక్కి రావలెను."